తప్పిపోయేది సంచి లేని మనిషే: వెలిగొండల నుంచి మైపాడు దాకా

నెల్లూరు, గురువారం సాయంత్రం

డిసెంబరు చివరి సెలవులు. రెండు కుటుంబాలు, ఎనిమిది మంది. అందులో ఆరేళ్ల పాప, పదేళ్ల పిల్లాడు, పన్నెండేళ్ల అమ్మాయి, డెబ్భై దాటిన అవ్వ. పెంచలకోన, ఉదయగిరి, భైరవకోన చూసుకుని చివర మైపాడు సముద్రం దాకా పోయి రావాలని బయల్దేరాం. చూడటంతో పాటు ఇంకో పని కూడా పెట్టుకున్నాం. దారి తప్పితే, వాగు పొంగితే, పాము కరిస్తే, తుఫాను వస్తే ఇంట్లో ఒక్కొక్కరూ ఏం చేయాలో ఆ చోట్లలోనే చేసి చూడాలి.

సామాను సర్దడం దగ్గరే అసలు సంగతి తేలింది. నీళ్లు, టార్చి, మందులు, బిస్కెట్లు అన్నీ ఒకే పెద్ద సంచిలో కుక్కి, దాన్ని ఇంట్లో గట్టి మనిషి భుజానికి తగిలించడం మన అలవాటు. కానీ అడవిలో తప్పిపోయేది ఆ మనిషి కాదు. సీతాకోకచిలుక వెంట పోయిన పాప తప్పిపోతుంది. కాళ్లు లాగి రాయి మీద కూర్చుండిపోయిన అవ్వ వెనకబడుతుంది. ఆ సమయానికి వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఎవరి సరుకు వాళ్ల ఒంటి మీదే ఉండాలి.

ట్రంకు రోడ్డు అంగళ్లలో తలా ఒక విజిల్ (30 రూపాయలు), చిన్న ఎల్‌ఈడీ టార్చి (150) కొన్నాం. విజిల్‌ను మెడలో దారానికి వేలాడదీయాలి, సంచి జేబులో వేస్తే లెక్కలోకి రాదు. తలా ఒక లీటరు నీళ్ల సీసా, పాపకైతే అర లీటరు. పేరు, ఇద్దరు పెద్దల ఫోన్ నంబర్లు, రక్తం గ్రూపు, వాడే మందులు రాసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా లోపలి జేబుకు పిన్నీసుతో గుచ్చాం. ఇంకా పెద్ద సైజు చెత్త సంచి తలా ఒకటి, పసుపో నారింజో అయితే దూరానికి కనిపిస్తుంది. దాని అడుగు మూలకు కాస్త కింద ముఖం పట్టేంత కంత కోసి తలకిందులుగా తొడుక్కుంటే వానకీ గాలికీ అదే గుడిసె. కంత ఇంటి దగ్గరే పెద్దవాళ్లు కోయాలి. కోయని సంచి చిన్నపిల్లల చేతికి ఇస్తే ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది.

ఉమ్మడి సంచిలో 10 అడుగులకు 12 అడుగుల టార్పాలిన్, 15 మీటర్ల నైలాన్ తాడు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ బిళ్లలు, రెండు క్రేప్ బ్యాండేజీలు, కత్తెర, అగ్గిపెట్టె, కొవ్వొత్తి, పవర్ బ్యాంకు, తుండుగుడ్డలు. పక్కింటి వాళ్లకు ఒక చీటీ ఇచ్చాం: ఏ రోజు ఏ ఊరు, బండి నంబరు, తిరిగి ఫోన్ చేసే టైము. దాని చివరి వాక్యమే ముఖ్యం: రాత్రి 8 గంటలకల్లా ఫోన్ రాకపోతే 112కి చెప్పండి. ఆ గంట రాయకపోతే, చీటీ చేతిలో ఉన్నా ఎప్పుడు కంగారు పడాలో పక్కింటి వాళ్లకు తెలియదు.

పెంచలకోన, శుక్రవారం

రాపూరులో కారం దోశలు, జత 60 రూపాయలు. ఎర్రకారం మీద వేడి నెయ్యి పోస్తే ఆరేళ్ల పాప కూడా ముక్కు కారుతూనే తినేసింది. అక్కడి నుంచి వెలిగొండల్లోని పెంచలకోన. నరసింహస్వామి పెనవేసుకున్న శిలగా వెలిశాడని, అందుకే పెనుశిల అని స్థలపురాణం. స్వామి చెంచులక్ష్మిని పెళ్లాడింది ఈ కొండల్లోనే అంటారు. చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే చోటు. కోనలోకి పోయే ముందు అటవీ సిబ్బందిని అడిగి వాళ్లు పొమ్మన్నంత మేరకే పోవాలి.

దారి చూపించడానికి ఒక యానాది పెద్దాయన వచ్చాడు. 500 రూపాయలు, మధ్యాహ్నం భోజనం. బేరం ఆడలేదు, ఆడనివ్వలేదు కూడా. ముందు నడుస్తూ చేతికర్రతో రాళ్ల మీద తడుతూ పోయాడు. గుండం కనపడగానే పిల్లలు చెప్పులు విప్పబోతే ఆపి, పడమటి గట్టు వైపు చూపించాడు.

“అబ్బయ్యా, పైన మబ్బుండాది. బిడ్డల్ని గుండంలో దించబాకండి. ఈడ ఎండ కాస్తానే ఉంటాది, ఆడ కురిసిన నీళ్లు ఒక్కసారి వచ్చి పడతాయి.”

కోనల్లో పిల్లలు కొట్టుకుపోయేది ఇందుకే. పైన ఎక్కడో కురిసిన వాన ఇరుకు లోయలోకి దిగేసరికి గోడలా వస్తుంది. ముందుగా కనిపించే గుర్తులు మూడు. తేటగా ఉన్న నీరు మట్టిరంగుకు తిరుగుతుంది. ఆకులు, పుల్లలు, నురుగు ఎక్కువగా కొట్టుకొస్తాయి. ఎగువ నుంచి ఆగని హోరు వినపడుతుంది. ఒక్కటి కనపడినా సామాను వదిలేసి, దిగువకు పరుగెత్తకుండా పక్క గట్టు ఎక్కాలి. దిగువకు పరుగెత్తితే నీళ్లు మనకంటే ముందుంటాయి. పారే నీళ్లు 15 సెంటీమీటర్లున్నా పెద్ద మనిషి కాలు జారుతుంది. 30 సెంటీమీటర్లకు చిన్న కారు కదులుతుంది, 60కి చాలా వాహనాలు తేలిపోతాయి. తిరుగుదారిలో వాగు పొంగి ఉంటే మనమున్న గట్టునే కూర్చోవాలి. కొండవాగు వాన ఆగిన కొన్ని గంటలకు తగ్గుతుంది. ఇంటికి ఆలస్యమవుతుందని చేతులు పట్టుకుని దాటబోయేవాళ్లే పోతారు.

నీళ్ల సంగతి వచ్చేసరికి పెద్దాయన మొలలోంచి చిల్లగింజ తీశాడు. కుండ లోపలి గోడకు కాస్త నీళ్లతో ఆ గింజను అరగదీసి, వాగునీళ్లు పోసి కలిపి వదిలేశాడు. భోజనాలయ్యేసరికి మట్టంతా అడుక్కు దిగింది. ఇది పనిచేస్తుంది, పాతకాలం నుంచి వాడుతున్నారు. అయితే గింజ మట్టిని దించుతుంది గానీ క్రిములను చంపదు. పైతేటను నాలుగు మడతల నూలుగుడ్డలో వడగట్టి, తెర్లేలా కాచి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచాలి. కాచే వీలు లేకపోతే క్లోరిన్ బిళ్ల, ప్యాకెట్ మీద రాసిన లెక్కకు తగ్గించకుండా వేసి అరగంట ఆగాలి. చిన్నగా క్లోరిన్ వాసన వస్తే నీళ్లు సిద్ధమైనట్టు. రాకపోతే మళ్లీ అంతే మోతాదు వేసి ఇంకో అరగంట. మట్టినీళ్లలో నేరుగా వేసిన బిళ్ల శక్తంతా మట్టికే పోతుంది, అందుకే తేర్చడం ముందు, బిళ్ల తరవాత. రెండూ లేనప్పుడు రంగులేని రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో తేటనీళ్లు నింపి ఆరు గంటలు మండే ఎండలో పడుకోబెట్టాలి. మబ్బుగా ఉంటే రెండు రోజులు.

మధ్యాహ్నం గుడి దగ్గరి చెట్ల కింద పిల్లలకు తప్పిపోవడం నేర్పాం. అమెరికాలో 1981లో ఒక బాలుడు కొండల్లో తప్పిపోయి చనిపోయాక, ‘చెట్టును కావలించుకో’ అనే పాఠం అక్కడి పిల్లలకు చెప్పడం మొదలుపెట్టారు. దాని సారం చిన్నది. దారి తెలియడం లేదని అనిపించిన క్షణంలో దగ్గర్లోని చెట్టు దగ్గర ఆగిపోవాలి, అక్కడే ఉండాలి. వెతికేవాళ్లు ఆఖరుసారి చూసిన చోటు నుంచే మొదలుపెడతారు. కదలని పిల్లాడు దగ్గరగా దొరుకుతాడు, నడిచే పిల్లాడు గంటగంటకూ దూరమవుతాడు. తరవాత విజిల్: మూడు ఊదులు, ఒక నిమిషం చెవులు రిక్కించడం, మళ్లీ మూడు. అరుపు పది నిమిషాలకు గొంతు పట్టేస్తుంది, విజిల్ ఊపిరున్నంతసేపూ పలుకుతుంది.

మన పిల్లలకు ఇంకో మాట విడిగా చెప్పాలి. తెలియనివాళ్లతో మాట్లాడవద్దని ఇంట్లో నూరిపోస్తాం కదా, తప్పిపోయిన పిల్లలు పేరుపెట్టి పిలిచినా భయపడి పొదల్లో నక్కిన సందర్భాలున్నాయి. వెతికేవాళ్లు పిలిస్తే పలకాలి, తప్పిపోయినందుకు ఎవరూ కొట్టరు, తిట్టరు. పదేళ్లవాడు ఈ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. “నిజంగా తిట్టరా?” తిట్టం అని వాళ్ల నాన్న చేతిలో చెయ్యి వేశాక విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

ఉదయగిరి, శనివారం

దుర్గం కొండ సముద్రమట్టానికి మూడు వేల అడుగుల పైచిలుకు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుణ్ణి తీసుకుపోయి హంపిలో గుడి కట్టించాడు. కింద నిలబడి చూస్తే ఆ ముట్టడికి అన్ని నెలలు ఎందుకు పట్టిందో అర్థమవుతుంది.

ఉదయం 6 గంటలకు ఎక్కడం మొదలు. అవ్వ, పాప, ఒక పెద్ద మనిషి కింద ఉండిపోయారు. ఎక్కే ముందే తిరుగు గంట ఖాయం చేశాం: ఎక్కడున్నా సరే, శిఖరం పది అడుగుల్లో ఉన్నా సరే, 11కి వెనక్కి. డిసెంబరు ఆఖర్లో ఇక్కడ పొద్దు గూకేది సుమారు 5.50కి. కానీ కొండ నీడ అంతకు చాలా ముందే పడుతుంది, మన ప్రాంతంలో మునిమాపు అరగంట కూడా నిలవదు. పొద్దు ఎంతుందో చేతితో కొలవచ్చు. చెయ్యి చాచి, అరచేతిని మన వైపు తిప్పి, నాలుగు వేళ్లను సూర్యుడికీ అంచుకీ మధ్య అడ్డంగా పట్టాలి. ఒక్కో వేలు పావుగంట, నాలుగు వేళ్లు గంట. అంచు అంటే ఎదుటి కొండ కొన, నేల కాదు.

సగం ఎక్కాక దారి రెండుగా చీలింది. కుడివైపుది వెడల్పుగా, నున్నగా ఉంది. అందరి కాళ్లూ అటే తిరిగాయి. కొంత దూరం పోయేసరికి కంపచెట్ల కొమ్మలు మొహానికి తగలడం మొదలైంది. గుర్తు అదే. మనుషులు తిరిగే బాటలో కొమ్మలు తల ఎత్తు దాకా విరిగి ఉంటాయి. మేకల బాటలో నేల ఎంత నున్నగా ఉన్నా నడుము పైన కొమ్మలు అల్లుకునే ఉంటాయి. మేకల బాట నీళ్లకో మేతకో పోయి అక్కడ పాయలుగా చీలి మాయమవుతుంది. దారి తప్పామని తేలగానే చేయాల్సిన మొదటి పని కూర్చోవడం, నీళ్లు తాగడం. పది నిమిషాల తరవాత, వచ్చిన దారిలో చివరిసారి గట్టిగా గుర్తుపట్టిన చోటు ఏదో అందరూ చెప్పాలి. అక్కడికి వెనక్కి పోవాలి. అడ్డదారిన కొట్టుకుపోతే ఎక్కడో కలుస్తుందన్న ఆశే చిన్న తప్పును పెద్దది చేస్తుంది. మేం లేచేలోగా మేకల కాపరి ఒకతను గట్టు మీంచి కేకేశాడు. “యాడికబ్బా అట్ట? ఆ పక్క ఏముండాదని? ఎడం చేతికి తిరగండి.” దిగొచ్చి చీలిక దాకా నడిచి మరీ దారి చూపించాడు. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు, సీసాలో నీళ్లు మాత్రం తాగాడు.

ఫోన్ ఇక్కడ వచ్చిపోతూ ఉంటుంది. మన నెట్‌వర్క్ లేకపోయినా వేరే కంపెనీ టవరు అందితే 112 కలుస్తుంది. మాట పోని చోట మెసేజ్ పోవచ్చు. ఇంటర్నెట్ లేకపోయినా ఫోన్ ఉపగ్రహాల నుంచి స్థానాన్ని పట్టుకుంటుంది. మ్యాపులో మనమున్న చోట వేలు నొక్కి ఉంచితే వచ్చే అంకెలను ఫోన్‌లో చదివి వినిపించాలి. గుట్ట దగ్గర ఉన్నాం, చింతచెట్టు కింద ఉన్నాం అంటే వెతికేవాళ్లకు ఏ గుట్టో, ఏ చెట్టో.

కోట గోడల కింద, కొండచరియల్లో పెద్ద తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. సెంటు పూసుకుని పోకూడదు, సిగరెట్టు పొగ, రాళ్లు విసరడం అసలు పనికిరావు. లేచాయంటే మొహం కండువాతో కప్పుకుని ఒకే దిక్కుకు ఆగకుండా పరుగెత్తాలి, బండి దొరికితే ఎక్కి తలుపులు మూసుకోవాలి. నీళ్లలో దూకితే పైన కాచుకుని ఉంటాయి. ముల్లును ఎలా తీశామన్నది కాదు, ఎంత తొందరగా తీశామన్నదే లెక్క. గోటితో గీకేయాలి. పెదాలు వాచినా, ఊపిరి పట్టినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా వెంటనే 108.

కింద బజారులో రాగి సంకటి, నాటుకోడి పులుసు. మనిషికి 180 రూపాయలు, సంకటి ముద్ద రెండోసారి అడగకుండానే వేశారు. పక్కనే ఉదయగిరి కొయ్య చెంచాల పని. నారదిలాంటి అడవి కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కుతారు. అక్కడే రెండు పొడవాటి చెక్కముక్కలు అడిగి తీసుకుని, సత్రం అరుగు మీద పాముకాటు అభ్యాసం చేశాం.

అవ్వను పడుకోబెట్టి, కాటు కుడి మడమ పైన పడిందనుకున్నాం. ముందు మెట్టెలు, పట్టీలు తీసేయాలి, వాపు ఎక్కాక అవి కోసినా రావు. తొడ సగం నుంచి పాదం దాటేంత పొడవున్న చెక్కల్ని కాలికి అటొకటి ఇటొకటి పెట్టి, ఒంటికి తగిలే వైపు తుండుగుడ్డ మడత వేసి, తొడ దగ్గర, మోకాలి కింద, చీలమండ దగ్గర బ్యాండేజీతో కట్టాం. కట్టులో ఒక వేలు సులువుగా దూరాలి. విరిగిన ఎముకకు కట్టినట్టు కదలకుండా ఉంచడమే దీని పని, రక్తం ఆపడం కాదు. పన్నెండేళ్ల అమ్మాయి మొదట కట్టింది బిగుసుకుని అవ్వ వేళ్లు చల్లబడ్డాయి. విప్పి మళ్లీ కట్టింది. రెండోసారి గోరు నొక్కి వదిలితే ఎరుపు వెంటనే తిరిగొచ్చింది. బిగించి తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, ఇవేవీ చేయకూడదు. కరిచిన గంట రాసుకోవాలి. నడిపించకూడదు, ఎత్తుకుని పోవాలి. అంబులెన్సు రాలేని చోట బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవాలి. పామును వెతుక్కుంటూ పోతే ఇంకో కాటుకు దారి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ మన దేశంలో ఇచ్చే విరుగుడు ఒక్కటే. ఆసుపత్రిలో రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తారు. విషం రక్తానికెక్కిందా అని తేల్చే పరీక్ష అది. యాత్రకు ముందే, దారిలో ఏ ఆసుపత్రిలో విరుగుడు నిల్వ ఉందో ఫోన్ చేసి కనుక్కుని రాసి పెట్టుకోవాలి.

ఘటిక సిద్ధేశ్వరం, శనివారం రాత్రి

సీతారామపురం దాటి అడవిలోకి. అవధూత కాశినాయన పేరున నిత్యాన్నదానం జరిగే చోటు. ఎవరు, ఏ ఊరు అని ఎవరూ అడగరు. పంక్తిలో కూర్చుంటే అన్నం, పప్పు, చారు, మజ్జిగ. తిన్న చోటు మనమే శుభ్రం చేసి లేవాలి. హుండీలో తోచినంత వేశాం.

నేల మీద నిద్ర అనుకున్నప్పుడు కట్లపామును గుర్తుంచుకోవాలి. రాత్రిపూట పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది, కాటు నొప్పి దాదాపు తెలియదు. తెల్లవారి కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. పిల్లలు అలా లేస్తే అజీర్ణం అనుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. దోమతెర కట్టి, దాని అంచు చుట్టూ పరుపు కిందికి దోపితే పాము లోపలికి రాలేదు. నేల మీద పడుకునేవాళ్లకు ఇంతకన్నా చవకైన కాపలా లేదు. బాత్రూముకు లేస్తే ముందు టార్చి, తరవాత కాలు. చెప్పులు దులిపి తొడగాలి.

భైరవకోన, ఆదివారం

ఉమ్మడి ప్రకాశంలోని సి.ఎస్.పురం మండలం, కొత్తపల్లి దగ్గర. కొండరాతిలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం. కార్తీక పౌర్ణమికి జనం విరగబడతారు. ఇప్పుడు ఖాళీగా ఉంది. టీ అంగడి ఆవిడ పిల్లల్ని ఎత్తుకుని మరీ కోతుల్ని తరిమింది, అరటిపండ్లు డజను 50.

గుహ ఎదుట నిలబడి పెద్దవాళ్లకే చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఉరుములప్పుడు రాతిచరియ కింద, లోతులేని గుహ వాకిట్లో నిలబడటం ప్రమాదం. రాతి మీదుగా దిగే కరెంటు ఆ వాకిలి అంచు నుంచి నేలకు దూకుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్ల లోపుంటే వెంటనే మంచి కట్టడంలోకి, కాకపోతే అద్దాలెత్తిన కారులోకి. చివరి ఉరుము తరవాత అరగంట దాకా బయటికి రాకూడదు. బయటే చిక్కుకుంటే ఒంటరి చెట్టు కింద వద్దు. పాదాలు రెండూ ఒకదానికొకటి ఆనించి మునివేళ్ల మీద గొంతుక్కూర్చోవాలి. భయమేసి అందరూ ఒకచోట కావలించుకుంటారు, అదే చేయకూడదు, దూరదూరంగా ఉండాలి. ఒకరికి తగిలినా మిగతావాళ్లు సాయం చేయడానికి మిగలాలి. పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే షాకు కొట్టదు. ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతుకు.

రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. అందుకే మధ్యాహ్నం ఊరి బయట ఒక రైతును అడిగి ఆయన చేలో చేశాం. గట్టు మీద రెండు చెట్ల మధ్య తాడును నాలుగడుగుల ఎత్తులో లాగి, టార్పాలిన్‌ను దాని మీదుగా వేసి, గాలి వచ్చే వైపు అంచును నేలకు ఆనించి రాళ్లు పెట్టాం. ఎత్తు పెరిగితే లోపల వేడి నిలవదు, గాలికి తెరచాపలా లేస్తుంది. తాడుకు పశువును కట్టే ముడే మంచిది, ఒక్క లాగుతో ఊడుతుంది. చీకట్లో తడిచేతులతో విప్పాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. కింద జానెడు మందాన గడ్డి. చాలామంది పైకప్పు మీదే దృష్టి పెడతారు గానీ, తడినేల మీద పడుకున్న పిల్లల ఒంట్లో వేడిని లాగేది కింది నేలే.

నిప్పుకు మూడు కుప్పలు ముందే సిద్ధం కావాలి: పిడికెడు కొబ్బరిపీచు, రెండు గుప్పెళ్ల అగ్గిపుల్ల మందం పుల్లలు, చేతినిండా వేలి మందం కట్టెలు. చుట్టూ రెండు మీటర్లు గడ్డి గీకేసి, బిందెడు నీళ్లు పక్కన పెట్టాకే అగ్గిపుల్ల గీయాలి. పీచు అంటుకోగానే పెద్ద కట్టె వేసేస్తారు, గాలాడక పొగ కమ్మి ఆరిపోతుంది. వానలో తడిసిన కట్టెను నిలువునా చీలిస్తే లోపలి చెక్క పొడిగా ఉంటుంది. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్లీ పోసి, చేతి వెనకవైపుతో తాకి చూడాలి. వెచ్చగా ఉంటే ఇంకా ఆరనట్టే. రైతు వీటన్నిటినీ చూసి, “మేం ఆర్పకుండా ఒక్క నిప్పూ వదలం, టౌనోళ్లకే ఇది చెప్పాల” అన్నాడు. తాటిబెల్లం వేసిన సజ్జరొట్టెలు పెట్టి పంపాడు.

సోమశిల, సోమవారం

ఆత్మకూరు మీదుగా వచ్చి పెన్న మీది డ్యాము దగ్గర కాసేపు ఆగాం. 2021 నవంబరులో పెన్న వరదకు నెల్లూరు దగ్గర హైవే ఆగిపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఎగువన కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య డ్యాము తెగింది. పెన్న ఒడ్డున ఉండేవాళ్లు తమ ఊరి మబ్బు చూస్తే చాలదు. అనంతపురం, కడప వైపు కుండపోత అని వార్త వచ్చిన రోజే, ఇక్కడ ఎండ కాస్తున్నా, సోమశిల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో కనుక్కుంటూ ఉండాలి.

మైపాడు, మంగళవారం

సముద్రంలో చేపలు పట్టే పట్టపు వాళ్ల ఇళ్ల మధ్య చిన్న మెస్సులో వంజరం పులుసు, అన్నం, 200 రూపాయలు. పులుసులో పుల్లమామిడి ముక్క. మెస్సు నడిపే పెద్దావిడ ఇల్లు పక్కనే. తుఫాను మాటెత్తగానే లోపలికి తీసుకుపోయి అటక మీది రేకుపెట్టె దింపించింది. మూత తీస్తే పైన పొడి లుంగీ, కింద జిప్పు కవర్లు. ఒక్కో కవరు మీద ఒక్కొక్కరి పేరు స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పడవ కాగితాలు, కొడుకు బీపీ మాత్రల చీటీ, చిల్లర నోట్లు. “కాగితాలు ముందు పోవాల, మనిషి ఎంటనే పోవాల, సామాను పోతే పోనీ మే” అంది. ఎవరి కవరు వాళ్ల నడుముకు కట్టుకుని తుఫాను షెల్టరుకు పోతారట. ఒకవేళ విడిపోయినా ఎవరి కాగితాలు, మందులు వాళ్ల దగ్గరే. పట్నంలో ఫైలింగ్ క్యాబినెట్లున్న ఇళ్లలో కూడా ఇంత చక్కటి ఏర్పాటు లేదు.

ఈ తీరానికి హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి. 72 గంటల ముందు తుఫాను పరిశీలన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు, తీరం దాటాక లోపలి ప్రాంతాల్లో ఎలా ఉంటుందన్న అంచనా. కృష్ణపట్నం ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 దాకా. 8, 9, 10 అతి ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. 2023 డిసెంబరులో మిచౌంగ్ ఈ తీరం పొడుగునా పైకి పాకి బాపట్ల దగ్గర దాటింది. దాటే చోటు దూరమని ధీమా పడటం తప్పని అప్పుడు తేలింది. గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటపడితే అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా గాలి కొడుతుంది. రేడియోలో అయిపోయిందని చెప్పేదాకా షెల్టరు వదలకూడదు.

48 గంటల కబురు రాగానే చేసే పనులు: మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన మూడు రోజుల నీళ్లు, వారం మందులు, అటుకులు, బెల్లం, వేరుశనగ ఉండలు, పసిబిడ్డ ఉంటే పాలపొడి, ఆడవాళ్ల ప్యాడ్లు. ఇల్లు వదిలే ముందు మెయిన్ స్విచ్, గ్యాస్ రెగ్యులేటరు కట్టేయాలి. పశువుల పలుపులు విప్పేయాలి. కట్టేసిన గొడ్డు నీళ్లలో మునిగి చస్తుంది, విప్పింది ఈది గట్టెక్కుతుంది.

వరద తీశాక మొదటి రోగం బావి నుంచే వస్తుంది. బావి వ్యాసాన్ని మీటర్లలో వ్యాసంతోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు. రెండు మీటర్ల బావిలో మూడు మీటర్ల నీళ్లుంటే సుమారు 9,400 లీటర్లు. మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, అంటే ఈ బావికి దాదాపు 24 గ్రాములు. బకెట్టులో ముందు ముద్దలా కలిపి, నీళ్లు పోసి పది నిమిషాలు సున్నం అడుక్కు దిగనిచ్చి, పైతేటను మాత్రం ఇంకో బకెట్టులో ఒంచి, దాన్ని బావిలో నీటిలోకి దించి పైకీ కిందికీ ఆడించాలి. గంట తరవాతే తోడాలి. వరదనీరు లోపలికి పోయిన బావికి ఈ లెక్క చాలదు. ముందు తోడి, పూడిక తీసి, పంచాయతీ వాళ్ల చేత పరీక్ష చేయించుకోవాలి. తెరిచిపెట్టిన బ్లీచింగ్ డబ్బా నెలలు గడిచేకొద్దీ పస తగ్గుతుంది కాబట్టి ఏటా కొత్తది.

విరేచనాలు మొదలైతే లీటరుకు సరిపోయే ఓఆర్ఎస్ ప్యాకెట్టును పూర్తిగా ఒక లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో వేసి తాగించడం మన దగ్గర మామూలు, ఉప్పు ఎక్కువై బిడ్డకు కీడు. ప్యాకెట్టు లేనప్పుడు లీటరు మంచినీళ్లకు తల కొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

సామాను ఖర్చు ఎనిమిది మందికీ కలిపి మూడున్నర వేల లోపే తేలింది, అందులో టార్పాలినే 900. తిరిగొచ్చాక విజిళ్లు, చీటీలు, మందులు పేర్లవారీగా విడి కవర్లలో వేసి బీరువా పై అరలో పెట్టాం. మాత్రల తేదీలు, టార్చి సెల్లులు, ఫోన్ నంబర్లు సరిచూసే పని అక్టోబరు మొదటి వారానికి క్యాలెండర్లో రాసుకున్నాం, ఈశాన్య రుతుపవనాలు దిగేలోగా.